సిగ్‌విన్‌లో ఫోర్క్ ఎందుకంత నెమ్మది?

ప్రశ్న: లినక్స్‌లో చకచకా సాగే మా షెల్ స్క్రిప్టు, విండోస్ మీద సిగ్‌విన్‌లో (యునిక్స్ తరహా ప్రోగ్రాములను విండోస్‌లో నడిపే సాధనం) నత్తనడక నడుస్తోంది. లూపులో ప్రతి వరుసకూ గ్రెప్, సెడ్ (వచనంలో వెతికే, మార్చే ఆదేశాలు) పిలుస్తున్నాము. కారణం వివరించగలరా?

జవాబు 1: గ్రెప్, సెడ్ పిలిచిన ప్రతిసారీ షెల్ ఫోర్క్ చేస్తుంది, అంటే నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీస్తుంది. విన్32లో (విండోస్ ప్రోగ్రాములు వాడే పిలుపుల సముదాయం) ఫోర్క్‌కు సరిసమానమైన పిలుపు లేదండీ. అందువల్ల సిగ్‌విన్ క్రియేట్‌ప్రాసెస్ అనే విండోస్ పిలుపు ద్వారా అదే ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టి, పేరెంట్ (అసలు) ప్రాసెస్‌లోని డేటా, హీప్, స్టాక్ అనే మెమరీ భాగాలను చైల్డ్‌లోకి (నకలులోకి) కాపీ చేశాకే, ఫోర్క్ పిలిచిన చోటి నుంచి దానిని కొనసాగనిస్తుంది. లినక్స్ మెమరీ పేజీలను ఇద్దరికీ పంచి, ఎవరైనా రాసినప్పుడే కాపీ తీస్తుంది. అసలు తేడా ఇదే.

జవాబు 2: డీఎల్ఎల్‌లు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు) కూడా రెండు ప్రాసెస్‌లలోనూ ఒకే మెమరీ చిరునామాలో లోడ్ కావాలి, లేకపోతే ఫోర్క్ విఫలమవుతుంది. అటువంటి దోషం కనిపిస్తే సిగ్‌విన్ ప్రోగ్రాములన్నీ మూసి డీఎల్ఎల్‌ల చిరునామాలను సరిచేసే రీబేస్‌ఆల్ నడపండి.

జవాబు 3: మీ లూపు మొత్తాన్ని ఒకే ఆక్ (వచనాన్ని వరుసవరుసగా చదివి మార్చే ఆదేశం) పిలుపుగా మార్చడం మేలని నా గట్టి అభిప్రాయం. సీ ప్రోగ్రాములైతే ఫోర్క్, ఎగ్జెక్ (ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రామును నింపే పిలుపు) జంటకు బదులు కొత్త ప్రోగ్రామును నేరుగా మొదలుపెట్టే స్పాన్‌వీపీ వాడండి. కాపీ పని తప్పుతుంది.