పైగదిలో పద్యాలు, కథల రికార్డింగ్: రొయ్యల చెరువుల మోత గదిలోకి రాకుండా ఏం చేయాలి?

పద్యం_పైగది:
నమస్కారమండి. ఆకివీడు దగ్గర పల్లెలో మా ఇంటి పై అంతస్తు గదిని రికార్డింగుకి సిద్ధం చేయాలి. కథలు చదవడం, హార్మోనియంతో పద్యాలు పాడటం, అంతవరకే.

గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. రోడ్డు వైపు గోడ తొమ్మిదంగుళాలది, మిగతా మూడూ నాలుగున్నర. రోడ్డు వైపు 4 అడుగుల చదరం కిటికీ, చెక్క రెక్కలు. ఫ్లష్ డోరు 3 బై 7, కింద అరంగుళం సందు. స్లాబు మీద ఎండ కోసం రేకులు వేసి ఉన్నాయి. ఇంటి వెనక రొయ్యల చెరువులు, రాత్రంతా ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే మోటారు యంత్రాలు) తిరుగుతాయి. సార్వా (ఖరీఫ్ వరి) రోజుల్లో కప్పలు అదనం.

గుడ్ల ట్రేలు అతికించమని ఒకరు, థర్మోకోల్ అని ఒకరు, నాలుగు గోడలకీ ఫోమ్ అని ఇంకొకరు చెబుతున్నారు. మైకుతో కలిపి లక్ష లోపు అవ్వాలి. ముందు దేని మీద పెట్టాలండి?

గోడచెవి:
ముందు ఒక విషయం విడదీసుకోండి. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం ఒక పని. లోపల మీ గొంతు గోడలకి తగిలి మోగకుండా చూడటం ఇంకో పని. మొదటిదానికి బరువు కావాలి, సందులు మూయాలి. రెండోదానికి గాలి దూరగలిగే మెత్తటి పీచు కావాలి. ఫోమ్‌కి బరువు లేదు కాబట్టి ఏరియేటర్ మోతని ఆపలేదు. థర్మోకోల్‌కి బరువూ లేదు, దానిలోకి గాలీ దూరదు, కాబట్టి రెండు పనులకీ పనికిరాదు. గుడ్ల ట్రేలు పై స్థాయి (సన్నటి, కీచు) శబ్దాన్ని కాస్త చెదరగొడతాయి, అంతే. మన చెమ్మకి బూజు, బొద్దింకలు చేరతాయి, నిప్పు తగిలితే గుప్పున అంటుకుంటాయి.

మీ గదిలో అన్నిటికంటే పెద్ద కన్నం తలుపు కింద ఉంది. 3 అడుగుల వెడల్పు, అరంగుళం ఎత్తు, అంటే 18 చదరపు అంగుళాలు. తలుపు మొత్తం 3,024 చదరపు అంగుళాలు. సందు 0.6 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క సందు వల్ల తలుపు ఎంత మందమైనా 22 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. తేలిక తలుపుకి సందు మూస్తే వచ్చే ఫలితం, బరువు తలుపుకి సందు వదిలేస్తే రాదు. ద్వారబంధం మూడు వైపులా రబ్బరు గాస్కెట్ (సందు మూసే పట్టీ) వేయించండి. కింద గడప లేకపోతే అంగుళం చెక్క గడప బిగించి, తలుపు దానికి ఆని మూసుకునేలా చేయించండి. నేలకి రాసుకునే బ్రష్షు పట్టీ చాలదు, దాని పోచల మధ్య నుంచి గాలి పోతూనే ఉంటుంది.

కిటికీకి ఊడదీయగలిగే మూత చేయించండి. 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (నీటికి చెడని రకం) ప్లైవుడ్ రెండు పొరలు, చుట్టూ గాస్కెట్, బిగించడానికి నాలుగు గొళ్ళేలు. మీ కొలతకి ఒక్కో పొర 17 కిలోల దాకా తూగుతుంది, మొత్తం 35. ఇద్దరు పట్టుకుని ఎత్తాలి, కాబట్టి రెండు పిడులు పెట్టించండి. మామూలు ప్లైవుడ్ కొంటే ఒక వానాకాలానికే ఉబ్బి గాస్కెట్ మీద కూర్చోదు.

అన్నీ మూశాక ఫ్యాన్ ఆపి, తలుపు అంచుల వెంట అగరబత్తి తిప్పండి. పొగ ఎక్కడ వంకరపోతే అక్కడ ఇంకా సందు ఉన్నట్టు. స్విచ్ బోర్డుల వెనక పైపులు, ఏసీ పైపు కన్నం కూడా చూడండి. అదంతా అయ్యాక కూడా చెరువు వైపు గోడ నుంచి మోత వస్తే అప్పుడు జిప్సం గోడ (ఉన్న గోడకి ముందు జిప్సం బోర్డులతో కట్టే రెండో గోడ) గురించి మాట్లాడదాం. ముందే దానికి దిగకండి.

పీచు_పలక:
లోపలి మోత గురించి నేను చెబుతాను. మీ గదికి ఒక చిక్కుంది మాస్టారూ. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే. 10 అడుగుల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర ఒక మోత, దానికి రెట్టింపు 112 దగ్గర ఇంకోటి పుడతాయి. కొలత ఒకటే కాబట్టి వెడల్పు మోత, ఎత్తు మోత ఒకదాని మీద ఒకటి పడతాయి. 112 మగ గొంతు అడుగు స్థాయిలో ఉంటుంది. మైకు వెడల్పుకి సరిగ్గా నడిమధ్య ఉంటే అక్కడ అది ఉబ్బి గొంతు బొంగురుగా వినిపిస్తుంది. పక్క గోడ నుంచి మూడు, మూడున్నర అడుగుల దగ్గరికి జరపండి. అదేమీ ఖర్చు లేని పని.

ప్యానెళ్ళు: క్యూబిక్ మీటరుకి 48 కిలోల రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన పీచు), 50 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిపి 100 చేయండి. 2 బై 4 అడుగుల చెక్క ఫ్రేములో పెట్టి కాటన్ గుడ్డ చుట్టండి. గుడ్డకి నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి రావాలి, రాకపోతే శబ్దమూ లోపలికి పోదు. రెగ్జిన్ వద్దు. కోసేటప్పుడు మాస్కు, గ్లవ్సు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

తొమ్మిది చాలు. పాడేవారి వెనక గోడకి మూడు, రెండు మూలల్లో నిలువుగా రెండేసి, తల మీద ఒకటి, పక్కన దగ్గరి గోడకి ఒకటి. చాలామంది మైకు వెనక కడతారు, అది తిరగబడ్డ పద్ధతి. కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ పట్టే రకం) చూసేది పాడే మనిషి వైపు, అంటే అతని వెనక గోడ నుంచి తిరిగొచ్చే మోతే దానిలో పడుతుంది.

గోడకి అతికించకుండా 4 అంగుళాల ఎడం వదలండి. రెండు లాభాలు: ఇంకా కింది స్థాయి శబ్దాన్ని పీల్చుకుంటుంది, వెనక గాలి ఆడి గోడ చెమ్మ ప్యానెల్‌కి పట్టదు. అంగుళం ఫోమ్ పై స్థాయినే మింగుతుంది. గదంతా అదే అతికిస్తే గొంతులో మెరుపు పోతుంది, అడుగు మోత మాత్రం అలాగే ఉంటుంది.

పద్యం_పైగది:
చాలా స్పష్టంగా చెప్పారండి. రెండు ప్రశ్నలు. అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి పీచు పలకలు తేలిగ్గా తెప్పించుకోవచ్చు, రాక్‌వూల్ బదులు వాడొచ్చా? రేకుల మీద వానకి ఏం చేయాలి?

పీచు_పలక:
వాడొచ్చు. పీచు గాలిని దూరనిస్తుంది కాబట్టి శబ్దాన్ని నిజంగానే పీల్చుకుంటుంది. కాకపోతే దాని పోగు లావు. అదే మందంలో రాక్‌వూల్ చేసేంత పని అడుగు స్థాయిలో చేయదు, అందుకని 6 అంగుళాలు, వెనక ఎడం కూడా ఎక్కువ ఉండాలి. ఇంకో తేడా నిప్పు. రాక్‌వూల్ మండదు, పీచు మండుతుంది. స్విచ్ బోర్డులకీ బల్బులకీ దూరంగా ఉండే వెనక గోడకి పీచు, మూలలకీ తల మీదకీ రాక్‌వూల్ వేయండి. పీచు పలక పూర్తిగా ఎండిందే తీసుకోండి. పచ్చిది గుడ్డలో చుట్టేస్తే లోపల బూజు పట్టి గదంతా ముక్కిన వాసన వేస్తుంది.

చెరువుగట్టు:
వాన సంగతి. చినుకు రేకుని కొడితే ఆ అదురు ఇనప కాళ్ళ గుండా స్లాబులోకి దిగుతుంది. కాలి ప్లేటు కింద 10, 12 మిల్లీమీటర్ల రబ్బరు దిమ్మ, బోల్టుకి రబ్బరు బుష్షు, వాషరు వేయించాలి. దిమ్మ ఒక్కటే వేసి బోల్టు ఇనుముకి ఇనుము తగిలేలా బిగిస్తే అదురు బోల్టులోంచి దిగిపోతుంది. ఈ పని రేకులు వేసిన ఫ్యాబ్రికేటర్ చేతే చేయించండి, ఒక కాలు పూర్తయ్యాకే రెండోది విప్పాలి. తుపాను గాలికి రేకుల్ని పట్టి ఉంచేవి ఆ బోల్టులే. ఇంత చేసినా జోరు వానలో రికార్డింగు కుదరదు.

అంతకంటే ముఖ్యం వేళ. రాత్రి నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ అంటారు, చెరువుల పక్కన అది తారుమారు. పగలు ఎండకి నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజామున మరీ తగ్గిపోతుంది కాబట్టి అప్పుడే ఏరియేటర్లన్నీ తిప్పుతారు. ఎండ కాసే రోజు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 దాకా మోత బాగా తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజు పగలు కూడా తిప్పుతారు, ఆ రోజు ఎడిటింగ్ పెట్టుకోండి.

మైకుకి నోటికి 6 అంగుళాలు ఉంచండి. దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, బయటి మోత పెరగదు. ఈ లాభం ఏ గోడా ఇంత చవగ్గా ఇవ్వదు. రికార్డింగులో 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని ఫిల్టరుతో కోసేయండి. మోటార్ల 50 హెర్ట్జ్ గుర్రు పోతుంది, గొంతు చెడదు. 100 దగ్గర మిగిలినదాన్ని కోయడానికి పోకండి, అక్కడ గొంతు ఉంది.

హార్మోనియం వాయిస్తూ పాడితే మైకుని కింద నుంచి నోటివైపు పైకి చూసేలా వంచండి. అప్పుడు దాని వీపు హార్మోనియం వైపు పడుతుంది. హార్మోనియంకి వేరే మైకు పెడితే రెండు మైకుల మధ్య 18 అంగుళాలకి తగ్గకూడదు. పద్యం చివర రాగం తీసేటప్పుడే గొంతు ఆకాశానికి పోతుంది. రికార్డింగు స్థాయి అక్కడ పాడి సరిచూసుకోండి, మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా. 24 బిట్ రికార్డింగులో తక్కువ స్థాయి వల్ల నష్టం లేదు, పగిలిన స్వరం మాత్రం తిరిగి రాదు.

ఎర్తుతీగ:
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత ఇళ్ళలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది, మూడో కన్నానికి తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించండి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తు గుంత దగ్గర మొదలుపెట్టాలి. గుర్రు పోతుందని ప్లగ్గు ఎర్తు పిన్ను విరవొద్దు, ప్రాణాలకి ముప్పు. ఛార్జరు తీసి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడపండి. గుర్రు ఆగితే దారి ఛార్జరుదే. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోయినప్పుడల్లా జుమ్మని వస్తుంది, సైన్ వేవ్‌ది కావాలి.

మైకు: చెమ్మకి కండెన్సర్ మైకు (కరెంటు అందిస్తేనే పనిచేసే సున్నితమైన రకం) చిటపటలాడుతుంది. డైనమిక్ మైకు (లోపల తీగచుట్టతో పనిచేసే గట్టి రకం) ఓర్చుకుంటుంది. మీ చోటుకి డైనమిక్కే తీసుకోండి, ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మాత్రం 60 డెసిబెల్స్ గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే శక్తి) ఉండేది చూడండి. కండెన్సరే కావాలంటే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. బియ్యంలో పెట్టకండి, తవుడు దుమ్ము లోపలికి పోతుంది.

గోడచెవి:
సందులన్నీ మూశాక గదిలోకి గాలి రాదని మర్చిపోకండి. ఏసీ గదిని చల్లబరుస్తుందే గానీ కొత్త గాలి తేదు. ముందు చల్లబరచి, పాడేటప్పుడు ఏసీ, ఫ్యాను ఆపి, 20, 30 నిమిషాలకోసారి తలుపు తీయండి. పని అయిపోయాక కిటికీ మూత కూడా తీసి గాలి ఆడనివ్వండి.

ఇక కొలత. పాడేటప్పటి గెయిన్‌తోనే ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేయండి. ఆడియోబుక్‌ల వేదిక ఏసీఎక్స్ నేపథ్య మోత మైనస్ 60 డెసిబెల్స్ లోపు ఉండాలంటుంది. మధ్యాహ్నం ఒకటి, తెల్లవారుజామున ఒకటి తీసి, తలుపూ కిటికీ పని అయ్యాక ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. చెరువు వైపు గోడకి జిప్సం కావాలో వద్దో వాటిని బట్టి చెబుతాను.