పప్పుతో కైమా ఉండలు: పులుసులో విడిపోకుండా, పంటికి పలుకు తగిలేలా చేయడం ఎలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. రక్తంలో కొవ్వు పెరిగిందని, పొట్టేలు మాంసం బాగా తగ్గించమని డాక్టరుగారు చెప్పి మూడు నెలలైంది. ఆయన ఆ మాట పట్టుకుని మాంసం పూర్తిగా మానేశారు. అయితే ఆదివారం పూట రాగి సంగటి ముందు కూర్చున్నప్పుడు కైమా ఉండల పులుసు గుర్తుకు వస్తుందేమో, సగం ముద్దతోనే లేచిపోతున్నారు. నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు కనుక నాకు మరింత బాధగా ఉంది. మీల్ మేకర్‌తో ఒకసారి చేసి చూశాను గాని, దాని వాసన ఆయనకు పడలేదు.

పోయిన ఆదివారం పావు కిలో మైసూరు పప్పును కుక్కరులో మూడు విజిళ్లు వచ్చేదాకా ఉడికించి, నీళ్లు వంచేసి, అందులో ఎర్రగడ్డ ముక్కలు, అల్లం తెల్లగడ్డ ముద్ద, మసాలా కలిపి ఉండలు కట్టాను. చేతికి అంటుకుంటున్నదని శనగపిండి వేస్తూ పోయాను. నూనెలో వేయించినప్పుడు పైకి బాగానే కనిపించాయి. పులుసులో వేసిన పది నిమిషాలకు మాత్రం సగం ఉండలు విడిపోయి, పులుసు కాస్తా పప్పుచారు అయింది. విడిపోకుండా మిగిలినవాటిని కొరికితే లోపల పిండిముద్దలా ఉన్నాయి, కైమాలో పంటికి తగిలే పలుకు ఎక్కడా లేదు.

ఇందుకు ఏ పప్పు సరైనది, దాన్ని ఉడికించాలా వద్దా, గుడ్డు వేయకుండా ఉండకు పట్టు ఎలా వస్తుంది అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (కడప నుంచి)

అమ్మా, మీ ఉండలు విడిపోవడం కుక్కరులోనే మొదలైంది. పొట్టు తీసి చీల్చిన మైసూరు పప్పు ఉడికితే గంజిలా కలిసిపోతుంది, అందుకే అది పప్పుకూ చారుకూ అంత బాగుంటుంది, ఉండలకు పనికిరాదు. పైగా ఒకసారి ఉడికిన పప్పులోని పిండి పదార్థం అప్పటికే నీళ్లు తాగి పొంగిపోయి ఉంటుంది కనుక, దాన్ని ఎంత పిసికి ఉండ కట్టినా మళ్లీ బిగుసుకోదు. నానబెట్టిన పచ్చి పప్పును రుబ్బి ఉండ కడితే, ఆవిరి తగిలినప్పుడు ఆ పిండి ఉండ లోపలే పొంగి, పలుకులను ఒకదానికొకటి అతికించి గట్టిపడుతుంది. మన పెద్దవాళ్లు పచ్చిశనగపప్పుతో ఉండల పులుసు చేసే పద్ధతి ఇదే. మీకు కావలసిన వంటకం ఇంట్లోనే ఉంది, మసాలా మాత్రం మార్చుకోవాలి.

నా కొలత ఇది. పచ్చిశనగపప్పు 150 గ్రాములు, పొట్టు తీయని మసూరు గింజలు 100 గ్రాములు తీసుకుంటాను. మసూరు అంటే మైసూరు పప్పు గింజే, పొట్టు ఉన్నప్పుడు గోధుమ రంగులో చదునుగా ఉంటుంది. ఎర్రగా కనిపించే చీల్చిన పప్పుతో పొరబడవద్దు. మసూరును ముందు రాత్రే నానబెట్టి, శనగపప్పును నాలుగు గంటల ముందు నానబెడితే చాలు. నానిన నీళ్లు పారబోసి, రెండింటినీ జల్లెడలో అరగంట ఉంచి, పొడి గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వాలి. అందరూ తొందరపడి వదిలేసే పని ఇదే, ఉండ నిలవడం కూడా చాలావరకు దీని మీదనే ఆధారపడి ఉంటుంది. పప్పులో నీరు మిగిలితే పిండి జారుతుంది, జారిందని మనం శనగపిండి వేస్తాం, ఆ శనగపిండే చివరకు నోట్లో ముద్దగా తగులుతుంది.

ఒక్క చుక్క నీరు కూడా కలపకుండా రుబ్బాలి. మూడింట ఒక వంతు పప్పును మెత్తగా రుబ్బి, మిగిలిన రెండు వంతులను కచ్చాపచ్చాగా దంచి, రెండింటినీ కలపండి. మెత్తటి భాగం పట్టు ఇస్తుంది, బరక భాగం పంటికి తగులుతుంది. రోలు ఉంటే రోట్లోనే దంచండి. లేకపోతే మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఎర్రగడ్డలను సన్నగా తరిగి, కొంచెం ఉప్పు చల్లి పది నిమిషాల తర్వాత గట్టిగా పిండి నీరు తీసేసి కలపాలి. నిమ్మకాయ కంటే కొంచెం చిన్నవిగా ఉండలు కడితే సుమారు 25 వస్తాయి. నూనె రాసిన ఇడ్లీ రేకుల్లో పెట్టి 15 నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద కదిపితే పగులుతాయి.

ఆ తర్వాత నూనెలో ముంచి వేయించే బదులు గుంత పొంగనాల పెనం వాడండి. ఒక్కో గుంతలో నాలుగు చుక్కల నూనె వేసి, ఉండలను తిప్పుతూ అన్ని వైపులా ఎర్రగా కాలిస్తే నాన్నగారికి కొవ్వు బాధ కూడా తగ్గుతుంది. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక, దించడానికి ఐదు నిమిషాల ముందు మాత్రమే వాటిని వేయండి.

సమాధానం 2 (కర్నూలు నుంచి)

ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు, శుభకార్యాలకు వంట చేస్తున్నాను. పట్టు గురించి అక్కగారు చెప్పిన ప్రతి మాటా నిజం. శనగపిండి సంగతి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. దాన్ని తగ్గించడం కాదు, పూర్తిగా మానేసి దాని స్థానంలో పుట్నాల పొడి వేయండి. పైన చెప్పిన కొలతకు 50 గ్రాములు సరిపోతుంది. పుట్నాలు ముందే వేగి ఉంటాయి కాబట్టి పచ్చివాసన ఉండదు, తేమను చప్పున పీల్చుకుంటాయి. మన సీమలో అసలు కైమాతో ఉండలు కట్టేటప్పుడు కూడా పుట్నాల పొడే కలుపుతాం. ఉగ్గాని మీద చల్లే ఆ పొడి రుచి నాన్నగారి నాలుకకు ఎప్పటినుంచో తెలిసినదే.

ఇక రుచి విషయానికి వస్తే, పప్పుకు లేనివి రెండు: కొవ్వు, బాగా కాలినప్పుడు మాంసానికి వచ్చే ఆ ఘాటైన కమ్మదనం. మొదటిదానికి వేయించి పొట్టు తీసిన చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలను 50 గ్రాములు బరకగా దంచి కలపండి. ఉండ కొరికినప్పుడు లోపల పొడిపొడిగా కాకుండా కమ్మగా ఉంటుంది. రెండోదానికి ఎర్రగడ్డలే ఆధారం. పిండిలో కలిపే పచ్చి ముక్కలు కాక, ఇంకో రెండు పెద్ద ఎర్రగడ్డలను సన్నని మంట మీద ఇరవై నిమిషాలకు పైగా, ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఓపికగా వేయించి, అందులో సగం పిండిలోకి, సగం పులుసులోకి వాడండి. దొరికితే పుట్టగొడుగులను సన్నగా తరిగి, నీరంతా ఇగిరిపోయేదాకా వేయించి ఒక పిడికెడు కలపవచ్చు. నీరు ఇగరకుండా కలిపితే మాత్రం మళ్లీ ఉండలు విడిపోతాయి.

మసాలాలో ధనియాలు, చెక్క, లవంగాలు, గసగసాలు, ఎండుకొబ్బరి ఉండాలి. వాటిని అప్పటికప్పుడు వేయించి నూరండి. కైమా వాసన అని మనం అనుకునే దానిలో చాలా భాగం ఈ మసాలాదే. పొట్టు ఉన్న మసూరు దొరకకపోతే అలసందలు వాడండి. నానబెట్టి చేత్తో రుద్ది సగం పొట్టు తీసేస్తే, అలసంద వడకు వచ్చే గట్టిదనమే ఉండకూ వస్తుంది. నా మటుకు నాకు మసూరు కంటే అలసందే మేలనిపిస్తుంది.

రోట్లో దంచమని అక్కగారు అన్నారు కనుక ఒక మాట గుర్తుకు వచ్చింది. ఇలాంటి ఉండలను కోఫ్తా అని కూడా అంటారు, ఆ పేరు పారశీక భాష నుంచి వచ్చింది, దానికి అర్థమే దంచినది అని. మాంసమైనా పప్పైనా ఈ వంటకంలో రుబ్బడం కంటే దంచడానిదే పెద్ద పాత్ర.

సమాధానం 3 (అనంతపురం నుంచి)

నేను ఆహార శాస్త్రం బోధిస్తాను. పై ఇద్దరి పద్ధతీ సరైనదే. కొన్ని కారణాలూ, కొన్ని జాగ్రత్తలూ మాత్రం చెప్పదలచుకున్నాను.

పప్పు గింజ మెత్తబడాలంటే దాని కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్ కరగాలి. పులుపు ఆ పనిని నెమ్మదింపజేస్తుంది. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని ఇళ్లలో అనేది ఇందుకే. ఉండలకు అదే లాభం: ఆవిరి మీద పూర్తిగా ఉడికిన ఉండను పుల్లటి పులుసులో వేస్తే త్వరగా మెత్తబడదు. పచ్చి ఉండను నేరుగా పులుసులో వేస్తే మాత్రం లోపల ఉడకక పచ్చిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది కనుక ఆవిరి పట్టే మెట్టును వదలవద్దు. మన జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి కూడా గింజను మెత్తబడనివ్వవు. నానబెట్టడానికి తాగే నీళ్లు వాడి, గింజను గోటితో నొక్కితే సులభంగా విరిగేదాకా ఉంచండి.

ఇదే పద్ధతిలో రాజ్మాతో చేయాలని ఎవరూ ప్రయత్నించవద్దు. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ఒక రకం మాంసకృత్తు వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. నానబెట్టిన రాజ్మాను కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు గలగలా మరిగించి, ఆ తర్వాత మెత్తగా ఉడికిస్తే తప్ప అది సురక్షితం కాదు.

పోషణ సంగతి. ఉడికిన మసూరు 100 గ్రాములలో సుమారు 9 గ్రాముల మాంసకృత్తులు, 8 గ్రాముల వరకు పీచు ఉంటాయి, కొలెస్ట్రాల్ అసలు ఉండదు. అదే బరువు ఉడికిన మాంసంలో మాంసకృత్తులు రెండింతలకు మించే ఉంటాయి కాబట్టి రెంటినీ సమానమనుకోకూడదు. మాంసకృత్తులను కూర్చే అమైనో ఆమ్లాలలో మెథియోనిన్ పప్పుల్లో తక్కువ, లైసిన్ ఎక్కువ. ధాన్యాల్లో సాధారణంగా లైసిన్ తక్కువ. సంగటితో పప్పు ఉండలు తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పప్పులోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పళ్లెంలో నిమ్మకాయ ముక్క ఉంచండి, భోజనం కాగానే టీ ఇవ్వకండి. ఒక లోటు మాత్రం పప్పుతో తీరదు: బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదు. నాన్నగారు మాంసం పూర్తిగా మానేశారు కనుక పాలు, పెరుగు తగినంత తీసుకుంటున్నారో లేదో చూసి, ఈసారి డాక్టరుగారిని కలిసినప్పుడు ఈ విషయం అడగండి. మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారు పప్పుల మోతాదును వైద్యుల సలహాతోనే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే వాటిలో పొటాషియం, భాస్వరం ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు (అనంతపురం నుంచి)

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ ఆదివారం శనగపప్పు, మసూరు, పుట్నాల పొడి, చెనిక్కాయ విత్తనాలతో చేశాను. పప్పును మరీ ఎక్కువసేపు ఆరబెట్టానేమో, మొదట కట్టిన నాలుగు ఉండలకు అంచుల్లో పగుళ్లు వచ్చాయి. ఒక చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, జిగురుగా మారాక పిండిలో కలిపితే మిగిలినవన్నీ నున్నగా వచ్చాయి. పొంగనాల పెనం మీద కాలుస్తున్నప్పుడే ఇల్లంతా మసాలా వాసన నిండింది. పులుసులో ఒక్క ఉండ కూడా విడిపోలేదు. నాన్నగారు ముద్ద మొత్తం తిని, ఇంకో రెండు ఉండలు వేయించుకుని, ఇందులో ఏ పప్పు వేశావమ్మా అని అడిగారు. ఇది మాంసం కాదని ఆయనకు మొదటి ముద్దలోనే తెలిసిపోయింది, అయినా తృప్తిగా తిన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. నేను ఉద్యోగానికి వెళ్తాను. ముందు రాత్రే పిండి కలిపి పెట్టుకోవచ్చా?

సమాధానం 1 ఇచ్చినవారు (కడప నుంచి)

చాలా సంతోషం తల్లీ. పిండిని అలా ఉంచవద్దు. మన ఎండలకు రుబ్బిన పప్పు బయట ఉంటే కొద్ది గంటల్లోనే పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టినా ఎర్రగడ్డలు నీరు విడిచి పిండి జారుతుంది. ఉండలు కట్టి, ఆవిరి పట్టి, చల్లారాక మూత ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, ఫ్రీజరులో నెల రోజుల వరకు బాగుంటాయి. ఫ్రీజరు నుంచి తీసినవాటిని మళ్లీ ఏడెనిమిది నిమిషాలు ఆవిరి మీద పెట్టి, ఆ తర్వాతే పెనం మీద కాల్చండి. లేకపోతే పైన మాడినా నడుమ చల్లగానే ఉండిపోతాయి.