పేరు తీసేసి పేషెంట్ వివరాలు పెడితే తప్పేంటి?

పీజీ డాక్టర్:
మా డిపార్ట్‌మెంట్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద స్టడీ నడుస్తోంది. ఎంతవరకు వచ్చిందో అప్పుడప్పుడు ఫేస్‌బుక్‌లో రాస్తున్నాం. పేరూ ఫోటో ఉండవు, వయసు, చేసే పని, మండలం, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో అంతే. అదీ వద్దంటున్నారు మా సీనియర్. రక్తం తీసుకెళ్ళినవాళ్ళు ఏం తేలిందో మళ్ళీ వచ్చి చెప్పరని ఉద్దానంలో జనం బాధపడుతుంటారు, మేం చెబుతుంటే ఇదీ తప్పేనా?

ఉద్దానం కుర్రాడు:
మీ సీనియర్ గారిదే కరెక్టండి. "కవిటి మండలం, 43 ఏళ్ళు, జీడితోటలో కూలి, అన్నకీ డయాలసిస్" అని రాశారనుకోండి, అది ఎవరిల్లో మా ఊళ్ళో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే వచ్చిన సంబంధం కాస్తా వెనక్కి పోతుంది, అప్పిచ్చేవాడు కూడా వెనకాడతాడు.

స్టాటిస్టిక్స్ మేడమ్:
ఇది పల్లెటూళ్ళకే పరిమితం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డుల్ని పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చారు. 1997లో లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లకు అక్కడి గవర్నర్ ఉండే కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొని, పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అనే మూడింటినీ ఆ రికార్డులతో పోల్చి చూసింది. ఊళ్ళో గవర్నర్ విలియం వెల్డ్ పుట్టినరోజే ఉన్నవాళ్ళు ఆరుగురు, అందులో మగవాళ్ళు ముగ్గురు, ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఆయనొక్కడే. అలా గవర్నర్ రికార్డే దొరికిపోయింది!

పీజీ డాక్టర్:
ఒప్పుకుంటాను మేడమ్. కానీ ఉద్దానంలో జబ్బుకి అసలు కారణమేంటో ఇంకా గట్టిగా తేలలేదు, నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా అని వెతుకుతున్నప్పుడు వయసు, పని, ఊరు తీసేస్తే మిగిలేదేముంది?

స్టాటిస్టిక్స్ మేడమ్:
అవన్నీ మీ స్టడీ ఫైల్లో ఉండాల్సిందే, ఎవరూ కాదనరు. ఫేస్‌బుక్‌లో మాత్రం "ఇప్పటిదాకా ఇంతమందిని చూశాం, 40 నుంచి 50 ఏళ్ళవాళ్ళలో ఎక్కువ కనిపిస్తోంది" అంటే చాలు. ఒక్కో మనిషి కథ అక్కర్లేదు. ఒక గుంపులో ఇద్దరో ముగ్గురో ఉంటే ఆ అంకె కూడా వేయకండి. స్కాన్ పెట్టేముందు మూల మీద పేరు, ఐడీ నంబరు ఉన్నాయేమో చూడండి, కొన్ని పోస్టుల్లో అలాగే వదిలేస్తుంటారు.

పీజీ డాక్టర్:
పోనీ, ఆన్‌లైన్‌లో పెట్టడానికని విడిగా సంతకం తీసుకుంటే?

ఉద్దానం కుర్రాడు:
డాక్టర్ గారూ, మందులు రాసే మీరే కాగితం చాపితే వద్దనే ధైర్యం మా వాళ్ళకెక్కడిదండి? వైద్యంతో సంబంధం లేనివాళ్ళతో అడిగించండి. పెట్టబోయేది ముందు తెలుగులో చదివి వినిపించండి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోవడానికి టైమివ్వండి. పెట్టాక మీరు డిలీట్ చేసినా గ్రూపుల్లోకి వెళ్ళింది వెనక్కి రాదని కూడా అప్పుడే చెప్పండి. ఇదంతా విన్నాక కూడా సరేనంటే అప్పుడు పెట్టుకోండి.