సేల్స్‌ఫోర్స్‌లో బయటి ప్యాకేజీల పరిమితి: పెద్దది ఇన్‌స్టాల్ అయింది, చిన్నది ఎందుకు కాలేదు?

గుంటూరు_అడ్మిన్:
అందరికీ నమస్కారం. మాది మిర్చి ఎగుమతి సంస్థ. అమ్మకాలు, ఖాతాదారుల వివరాలు నిర్వహించే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్‌లో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ను 40 మంది వాడుతున్నాం. మా అవసరాల కోసం మేమే తయారు చేసుకున్న కస్టమ్ ఆబ్జెక్టులు (డేటాను దాచే పట్టికలు) 187 ఉన్నాయి. ఈ ఎడిషన్‌లో సొంత ఆబ్జెక్టుల పరిమితి 200 అని నాకు తెలుసు. కిందటి ఏడాది సేల్స్‌ఫోర్స్ యాప్‌ల దుకాణమైన ఆప్‌ఎక్స్ఛేంజ్ నుంచి 30కి పైగా ఆబ్జెక్టులున్న ఒక ప్యాకేజీని (బయటివారు తయారు చేసిన యాప్‌ను) ఏ అడ్డంకీ లేకుండా ఇన్‌స్టాల్ చేశాను. ఈ వారం రవాణా పత్రాల కోసం ఒక చిన్న సంస్థ తయారు చేసిన ప్యాకేజీని, వారు పంపిన లింకు ద్వారా ఇన్‌స్టాల్ చేయబోతే, అందులో ఉన్నవి 18 ఆబ్జెక్టులే అయినా, కస్టమ్ ఆబ్జెక్టుల పరిమితి దాటుతోందని చెప్పి మధ్యలోనే ఆగిపోయింది. వాడుకలో లేని 9 ఆబ్జెక్టులను పది రోజుల కిందటే తొలగించాను. అయినా లెక్క తగ్గలేదు. ముప్ఫై పట్టిన చోట పద్దెనిమిది ఎందుకు పట్టడం లేదో, ఎడిషన్ మార్చడం తప్ప వేరే దారి ఉందో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ప్యాకేజీ_పనివాడు:
మీరు చెప్పినదాన్నిబట్టి రెండు ప్యాకేజీలకూ తేడా పరిమాణంలో లేదు, అవి వచ్చిన దారిలో ఉంది. సేల్స్‌ఫోర్స్ భద్రతా సమీక్షలో నెగ్గి ఆప్‌ఎక్స్ఛేంజ్‌లో బహిరంగంగా జాబితాకెక్కిన మేనేజ్డ్ ప్యాకేజీలోని (లోపలి కోడ్ తయారీదారు చేతిలోనే ఉండే ప్యాకేజీ) ఆబ్జెక్టులు, ట్యాబులు, యాప్‌లు మీ ఎడిషన్ పరిమితిలోకి రావు. ఆ సమీక్షకు వెళ్లకుండా లింకు ద్వారా చేతికి వచ్చిన ప్యాకేజీలోని ప్రతి ఆబ్జెక్టూ మీరు సొంతంగా తయారు చేసుకున్నదానితో సమానంగా లెక్కకు వస్తుంది. కాబట్టి 187కు 18 కలిస్తే 205 అవుతుంది, అక్కడే ఆగింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, ఇది ఆప్‌ఎక్స్ఛేంజ్ భాగస్వామ్య కార్యక్రమం కింద పంపిణీకి అనుమతి పొందినది కాదని తెలిసే ముందుకు వెళ్తున్నానని ఒప్పుకునే పెట్టె ఒకటి టిక్ చేయమని అడిగి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా టిక్ పెట్టేస్తారు, కాని లెక్క ఎటు పడుతుందో చెప్పే మొదటి గుర్తు అదే.

ఎక్కడి నుంచి వచ్చినా సరే, మొత్తం ఆబ్జెక్టులు 3,000 దాటకూడదన్న గట్టి హద్దు కూడా ఉంది. మీ స్థాయిలో దాని గురించి ఆలోచించవలసిన పని లేదు.

అమీర్‌పేట_శిక్షకుడు:
తొలగించిన తొమ్మిదింటి సంగతి నేను చెబుతాను. కస్టమ్ ఆబ్జెక్టును డిలీట్ చేయగానే అది పూర్తిగా పోదు. ఆబ్జెక్టుల పేజీలో తొలగించినవాటి జాబితా వేరుగా ఉంటుంది, అందులో 15 రోజులు ఉంటుంది, అక్కడ ఉన్నన్నాళ్లూ పరిమితిలో దాని వాటా దానికి ఉంటుంది. మీకు పది రోజులే అయింది కాబట్టి 187లో ఆ తొమ్మిదీ కలిసే ఉన్నాయి. ఆ జాబితాలోకి వెళ్లి ఒక్కొక్కదాన్నీ ఎరేజ్ చేస్తే గడువు కోసం ఎదురుచూడనక్కరలేదు. కాని ఎరేజ్ చేసిన తరువాత అందులోని రికార్డులు తిరిగి రావు కాబట్టి ముందుగా ఎగుమతి చేసి దాచుకోండి. అప్పుడు మీ సొంతవి 178 అవుతాయి, 18 కలిపితే 196.

ఇక్కడ శిక్షణ పొందే పిల్లలు దాదాపు అందరూ ఉచిత డెవలపర్ ఎడిషన్ మీదే నేర్చుకుంటారు. అందులో 400 ఆబ్జెక్టుల వరకు వీలుంటుంది కాబట్టి, ఈ హద్దు తగలడం వాళ్లు ఉద్యోగంలో చేరిన తరువాతే మొదటిసారి చూస్తారు. అందుకే ఏ బ్యాచ్‌కైనా మొదటి వారంలోనే సెటప్‌లోని సిస్టమ్ ఓవర్‌వ్యూ పేజీ తెరిచి చూపిస్తున్నాను.

అపెక్స్_పన్నెండేళ్లు:
ఆబ్జెక్టుల లెక్క సరిపోయింది కదా అని వెంటనే ఇన్‌స్టాల్ చేయవద్దని నా మనవి. అది కంటికి కనిపించే పరిమితి. మమ్మల్ని మూడు వారాలు నిద్రపోనివ్వనిది వేరొకటి.

నేను పనిచేసిన ఒక చోట ఆపర్చునిటీ (అమ్మకపు అవకాశాల) ఆబ్జెక్టు మీద మూడు ప్యాకేజీల ట్రిగ్గర్లు (రికార్డు మారినప్పుడు తనంతట తానే నడిచే కోడ్) ఉండేవి, వాటికి తోడు కోడ్ రాయకుండా తయారు చేసుకున్న మా సొంత ఆటోమేషన్లు, అంటే ఫ్లోలు, నాలుగు. మూడూ సమీక్షలో నెగ్గినవే. అలాంటి ప్యాకేజీలకు ఒక లావాదేవీలో 100 క్వెరీలు (డేటాను వెతికి తెచ్చే ఆదేశాలు), 150 డేటా మార్పులు అన్న హద్దు విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి, ఒకదాని వల్ల ఇంకొకదానికి ఇబ్బంది ఉండదని మేమూ అనుకున్నాం. కాని సీపీయూ సమయం (కోడ్ నడవడానికి పట్టే ప్రాసెసర్ సమయం) అందరికీ కలిపి ఒక్కటే: సాధారణ లావాదేవీకి 10,000 మిల్లీసెకన్లు, అంటే పది సెకన్లు. హీప్ మెమరీ (కోడ్ నడిచేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) కూడా అంతే, అందరికీ కలిపి 6 ఎంబీ. మూడో ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసిన వారం తరువాత నెలాఖరు డేటాను ఎక్కించబోతే వందల వరుసలు సీపీయూ సమయం దాటిందన్న లోపంతో వెనక్కి వచ్చాయి. లోపంలో కనిపించిన పేరు మొదటి ప్యాకేజీది. ఆ సంస్థవారితో రెండు వారాలు వాదించాం, అది మా తప్పే. సమయం అయిపోయే క్షణానికి ఎవరి కోడ్ నడుస్తుంటే వారి పేరే లోపంలో కనిపిస్తుంది. అంతకుముందు ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారన్నది అందులో తెలియదు. పైగా ఒకే ఆబ్జెక్టు మీద ఉన్న ట్రిగ్గర్లు ఏ వరుసలో నడుస్తాయన్నదానికి హామీ లేదు, మేనేజ్డ్ ప్యాకేజీల లోపలి కోడ్ డీబగ్ లాగ్‌లో కనిపించదు.

చివరికి తేలిందేమంటే, ఎక్కువ సమయం తిన్నవి మా సొంత ఫ్లోలే. సేవ్ అయిన తరువాత అదే రికార్డును మళ్లీ మార్చడం వల్ల ట్రిగ్గర్లన్నీ రెండోసారి నడుస్తున్నాయి. వాటిని సేవ్‌కు ముందే నడిచే ఫ్లోలుగా మార్చి, డేటా లోడర్ (డేటాను మూకుమ్మడిగా ఎక్కించే సాధనం) బ్యాచ్‌ను 200 నుంచి 50కి తగ్గించిన తరువాత లోపాలు ఆగిపోయాయి. కాబట్టి గుంటూరు మిత్రులు ఇన్‌స్టాల్ చేయబోయే ప్యాకేజీ అకౌంట్, ఆపర్చునిటీ వంటి ప్రధాన ఆబ్జెక్టుల మీద ట్రిగ్గర్లు పెడుతోందో లేదో ముందుగా అడగాలి. పెడుతుంటే, అవసరమైనప్పుడు ఆపివేసే సెట్టింగు ఇచ్చారో లేదో కూడా అడగాలి.

నిల్వ_లెక్కలు:
ఒక చిన్న చేర్పు. ప్యాకేజీలోని ఆబ్జెక్టులకు పరిమితిలో మినహాయింపు దొరికినా వాటిలో చేరే రికార్డులకు దొరకదు. 40 మందితో మీ డేటా నిల్వ 10 జీబీకి మరో 800 ఎంబీ కలిపినంత. చాలా రకాల రికార్డులకు ఒక్కొక్కదానికి 2 కేబీ చొప్పున లెక్కిస్తారు కాబట్టి ఒక జీబీకి సుమారు 5 లక్షల రికార్డులు. ప్రతి చర్యకూ లాగ్ రాసుకునే ప్యాకేజీ అయితే, పాత లాగులను అదే తుడిచివేస్తుందా, ఆ పని మీమీదే పడుతుందా అన్నది అడగండి. రోజువారీ ఏపీఐ కాల్స్ (బయటి సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్‌కు పంపే అభ్యర్థనలు) కూడా మీకు 1,40,000 వరకే, బయటి అనుసంధానాలన్నీ వాటినే పంచుకుంటాయి.

డల్లాస్_తెలుగు_అడ్మిన్:
సంఖ్యల సంగతి అందరూ చెప్పారు. ఎవరు ఇన్‌స్టాల్ చేయవచ్చు అన్న హద్దు కూడా ఇప్పుడు మారింది. 2025లో నేరగాళ్లు కంపెనీల ఉద్యోగులకు ఫోన్ చేసి, ఐటీ విభాగం నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, డేటా లోడర్‌ను పోలిన మార్పు చేసిన యాప్‌కు అనుమతి ఇప్పించి డేటాను ఎత్తుకుపోయారని గూగుల్ భద్రతా పరిశోధకులు జూన్‌లో వెల్లడించారు. ఆ సెప్టెంబరు నుంచి, ఆర్గ్‌లో (సంస్థ సేల్స్‌ఫోర్స్ ఖాతాలో) ఇన్‌స్టాల్ చేయని కనెక్టెడ్ యాప్‌కు (సేల్స్‌ఫోర్స్ డేటాతో పనిచేసే బయటి యాప్‌కు) సాధారణ వినియోగదారు తనంతట తాను అనుమతి ఇచ్చే వీలును సేల్స్‌ఫోర్స్ కట్టడి చేసింది. అడ్మిన్ దాన్ని ఇన్‌స్టాల్ చేయాలి, లేదా ఆ వినియోగదారుకు ప్రత్యేక పర్మిషన్ ఉండాలి. మా దగ్గర కొందరు దీన్ని విసుగుగా భావించి అందరికీ ఆ పర్మిషన్ ఇచ్చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. వాడుక జాబితా తెరిచి చూస్తే, ఎవరు ఎప్పుడు అనుమతించారో ఎవరికీ గుర్తులేని యాప్‌లు పదకొండు కనిపించాయి, అందులో ఏడింటిని అడ్డుకున్నాను. మీ రవాణా ప్యాకేజీ బయటి సర్వర్‌తో మాట్లాడేదైతే ఈ సంగతి కూడా చూసుకోండి.

గుంటూరు_అడ్మిన్:
ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. తొమ్మిది ఆబ్జెక్టుల డేటాను ఎగుమతి చేసి ఎరేజ్ చేశాను, లెక్క 178కి వచ్చింది. అసలు ఆర్గ్‌లో కాకుండా ముందు పార్షియల్ కాపీ శాండ్‌బాక్స్‌లో (కొంత డేటాతో ఉండే పరీక్షా నకలులో) ఇన్‌స్టాల్ చేసి, కిందటి నెల ఎగుమతి ఆర్డర్లను 200 చొప్పున ఎక్కించి చూశాను. ఆర్డర్లు బాగానే ఎక్కాయి, కాని అకౌంట్ల మీద వారి ట్రిగ్గర్ ఒకటి ఉందని, దాన్ని ఆపే సెట్టింగు లేదని తేలింది. ఆ సెట్టింగు కావాలని, భద్రతా సమీక్షకు ఎప్పుడు వెళ్తారో రాతపూర్వకంగా చెప్పాలని ఆ సంస్థకు రాశాను. సెట్టింగు రెండు వారాల్లో ఇస్తామన్నారు, సమీక్ష గురించి ఇంకా జవాబు లేదు. 196కు చేరితే మాకు మిగిలేది నాలుగు ఆబ్జెక్టులే కాబట్టి, ఆ జవాబు వచ్చేవరకు ప్యాకేజీని శాండ్‌బాక్స్‌లోనే ఉంచుతున్నాను.