మేనీ జెల్లెట్ బొమ్మల్లో లెక్క ఏమిటి?

ప్రశ్న: డబ్లిన్ చిత్రకారిణి మేనీ జెల్లెట్ (1897–1944) వేసిన ‘డెకరేషన్’లో నాకు రంగు ముక్కలే కనిపిస్తున్నాయి. దీనికి పద్ధతంటూ ఉందా? మొదటినుంచీ ఇలాగే వేసేవారా?

జవాబు 1: లేదండీ. డబ్లిన్‌లో విలియం ఆర్పెన్ దగ్గర, లండన్‌లో వాల్టర్ సికర్ట్ దగ్గర మనుషుల్ని చూసి గీయడం గట్టిగా నేర్చుకున్నారు. 1921లో స్నేహితురాలు ఈవీ హోన్‌తో పారిస్ వెళ్లి చిత్రకారుడు ఆంద్రే లోట్ దగ్గర చేరారు. ఆయన క్యూబిజంలో (వస్తువుల్ని కోణాల ముక్కలుగా విడగొట్టి వేసే శైలిలో) మనిషో వస్తువో మిగిలే ఉంటుంది. వస్తువే లేని బొమ్మ కావాలని ఇద్దరూ మరో క్యూబిస్టు చిత్రకారుడు ఆల్బర్ట్ గ్లీజ్‌ని పట్టుకున్నారు.

జవాబు 2: పద్ధతి గ్లీజ్‌దే. ముందు చట్రం అంచులకు సమాంతరంగా పలకలు (చదునైన రంగు ముక్కలు) పేర్చాలి, పక్కకీ పైకీ జరపాలి. తర్వాత వాటినే ఇరుసు మీద తిప్పినట్టు వాల్చాలి. మొదటిది వదిలేసి వాల్చడంతోనే మొదలెడితే బొమ్మ చెదిరిపోతుంది. చూసేటప్పుడూ అంతే: నిటారు పలకల్ని ముందు పట్టుకోండి, వాల్చినవి వాటంతటవే తిరుగుతున్నట్టు కనిపిస్తాయి.

జవాబు 3: ఒక ముక్క కలుపుతా. ‘డెకరేషన్’ నూనెరంగు కాదు, చెక్క మీద టెంపెరా. గుడ్డుసొన కలిపిన రంగు చిటికెలో ఆరుతుంది, అందుకే అంచులు అంత కచ్చితం. వంగే కాన్వాసు మీదైతే పగుళ్లిస్తుంది. 1923లో డబ్లిన్‌లో ప్రదర్శనకు పెడితే కవి జార్జ్ రస్సెల్ దాన్ని కళకు పట్టిన మలేరియా అన్నాడు! ఆమె మాత్రం వెనక్కి తగ్గలేదు. 1943లో ‘ఐరిష్ ఎగ్జిబిషన్ ఆఫ్ లివింగ్ ఆర్ట్’ అనే ఆధునిక కళా ప్రదర్శన మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యురాలు. ఈ బొమ్మ ఇప్పుడు ఐర్లాండ్ నేషనల్ గ్యాలరీలో ఉంది.