‘మీ కవీశ్వరులలో కొందరును’: ఎవరా కవి?

మధుకరం: ఏథెన్సులోని అరేయొపగులో అపొస్తలుడు పౌలు అన్నమాట, ‘మనమాయన సంతానమని మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు’ (అపొస్తలుల కార్యములు, అపొ. 17:28). ఇది స్తోయికు తాత్వికుడు క్లెయాంథెస్ గ్రీకు దేవుడు జ్యూస్ మీద రాసిన స్తుతిలోనిదే కదా? పాదం సగమే నోటికొస్తోంది.

తాళపత్రం: కాదండీ, గ్రీకు కవి అరాతుస్. నక్షత్రాల మీద ఆయన కావ్యం ‘ఫైనొమెనా’ అయిదో పాదం: ‘తూ గార్ కై గెనోస్ ఎయిమెన్’ (మనమాయన సంతానమే కదా). పౌలు నోట చివరి క్రియ ఒక్కటే ‘ఎస్మెన్’ అయింది, అర్థం అదే. అరాతుస్‌ది సోలి, పౌలుది తార్సు, రెండూ కిలికియలోవే. సొంత సీమ కవి పద్యం రాకుండా ఉంటుందా?

యతిభంగం: ‘కొందరును’ అన్నాడు కదా, ఒక్కడే ఎలా అవుతాడు? క్లెయాంథెస్‌ది ‘ఎక్ సూ గార్’. ‘తూ’ అంటే ఆయన, ‘సూ’ అంటే నీవు. ప్రార్థించేవాడు ‘నీ’ అంటాడు, నక్షత్రాలు లెక్కపెట్టేవాడు ‘ఆయన’ అంటాడు.

సిరామరక: ఆ ‘సూ’ తర్వాతే అసలు చిక్కు. ఆ స్తుతిని మనకు మిగిల్చిన స్తోబయుస్ సంకలనం ప్రతిలో ‘ఏఖూ’, అంటే ధ్వని, దాని ప్రతిబింబం అని ఉంది. దాన్ని ‘థెయూ’ (దేవుని) అని దిద్దినవాళ్లున్నారు. దిద్దితే దేవుడొచ్చాడు, కవిత్వం పోయింది. నా ఓటు ధ్వనికే.

ఈతాకు: కవి ఎవరైతేనేం, దేవుడి మాటేమిటి? స్తోయికుల జ్యూస్ లోకంలోనే నిండిన అగ్ని. పౌలు దేవుడు ‘జగత్తును అందలి సమస్తమును నిర్మించిన’వాడు. ఒకరి స్తుతిని ఇంకొకరికి చదివేశాడు!

తాళపత్రం: ఆ పని పౌలుతో మొదలు కాలేదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలోనే అరిస్తోబులుస్ అనే యూదు తాత్వికుడు ఈ అరాతుస్ పద్యాన్నే ఉదహరిస్తూ జ్యూస్ పేరు తీసి థెయోస్ (దేవుడు) అని పెట్టాడు. తీశానని బాహాటంగా చెప్పుకున్నాడు కూడా.

మధుకరం: మరి గెనోస్‌కు ‘సంతానము’ సరిపోయిందా? వేదంలోని ‘జనస్’ దానికి తోబుట్టువే. ‘వంశము’ అని ఉంటే?

యతిభంగం: జ్యూస్‌ను ‘ద్యుపతి’ చేసిన అనువాదకులకు (అపొ. 14:12) ‘వంశము’ తట్టకపోదు. కావాలనే వదిలేశారు.

సిరామరక: మా క్లెయాంథెస్‌ను గాలికొదిలేశారు. ఒకప్పటి ముష్టియోధుడు, పగలు గురువు జెనో దగ్గర పాఠం, రాత్రి తోటలకు నీళ్లు తోడే కూలి. ఆయన సొంతూరు అస్సు. తోటివాళ్లు ఓడెక్కితే పౌలు అక్కడికి కాలినడకన వెళ్లాడు (20:13). ఎందుకో గ్రంథకర్త లూకా చెప్పలేదు.

తాళపత్రం: కవిగారి ఊరు చూడటానికంటారా! పైగా అది అరేయొపగు ప్రసంగం తర్వాతి సంగతి.

సిరామరక: పద్యం చదివాకే కదండీ, ఊరు చూడాలనిపించేది.