వీడియో ఈఈజీలో 'ఫంక్షనల్' అని వచ్చింది, యాక్సిడెంట్ క్లెయిమ్ నిలబడుతదా?

హన్మకొండ జూనియర్:
సీనియర్లకు నమస్తే. పరకాల రోడ్డు మీద బైకును డీసీఎం గుద్దిన కేసు. క్లెయిమెంటుకు 34 ఏళ్లు, వరికోత మిషన్ డ్రైవర్. అడ్మిషన్ నాడు జీసీఎస్ (స్పృహ కొలిచే స్కోరు) 13, సీటీలో ఎడమ ఫ్రంటల్ లోబ్‌ల చిన్న కంట్యూజన్ (మెదడు ముందు భాగం కమిలిన గాయం). నెల తర్వాత ఫిట్స్ మొదలైనయ్, వారానికి మూడు నాలుగు సార్లు. మందు డోసు పెంచినా తగ్గలే. వీడియో ఈఈజీ (ఫిట్ వచ్చేటప్పుడు వీడియోతో పాటు మెదడు తరంగాలు రికార్డు చేసే పరీక్ష) తీసి 'ఫంక్షనల్ సీజర్స్' అని రాసిండ్రు. ఇన్సూరెన్స్ వాళ్లు కోర్టుల వేసిన జవాబుల (కౌంటర్ల) 'జబ్బేం లేదు, అంతా నటన' అని ఉంది. ఓపీ (మోటారు ప్రమాద పరిహారం పిటిషన్, ఎంవీఓపీ) టైములోనే వేసినం. డాక్టర్‌ను సాక్షిగా పిలిస్తే ఏం అడగాలె?

న్యూరో వార్డు:
ముందు ఒక జాగ్రత్త. ఆ వచ్చేది మూర్ఛ (ఎపిలెప్సీ) అవునా కాదా అన్నది వీడియో ఈఈజీ చెబుతుంది. కావాలని చేస్తున్నాడా లేదా అన్నది అదొక్కటే చెప్పలేదు. కాబట్టి దాని మీదే కేసు నిలబెట్టకండి.

ఫంక్షనల్ అంటే 'పరీక్షలన్నీ నార్మల్, కాబట్టి మానసికం' అని కాదు. మెదడు పనిచేసే తీరు తప్పింది, అది మనిషి అదుపులో లేదు అని. దాన్ని పట్టించే గుర్తులు ఉంటాయి: ఫిట్ వచ్చినప్పుడు కళ్లు గట్టిగా మూసుకోవడం, తల అటూ ఇటూ ఊపడం, ఆగి ఆగి మళ్లీ రావడం, రెండు నిమిషాలు దాటి సాగడం, స్పృహ లేనట్టు పడి ఉన్నా ఈఈజీలో మెలకువ తరంగాలు కనిపించడం. వీటిలో ఏ ఒక్కటీ విడిగా సరిపోదు. రిపోర్టులో ఏమేం చూశారో రాశారా, రికార్డయిన ఫిట్ ఇంట్లో వచ్చేలాంటిదేనని ఇంటివాళ్లు ఒప్పుకున్నట్టు ఉందా చూడండి. అదే లేకపోతే క్రాస్‌లో (అవతలి లాయర్ అడిగే ప్రశ్నల్లో) చిక్కుతారు.

కంట్యూజన్ ఉంది కాబట్టి అసలు మూర్ఛ కూడా పక్కనే ఉండొచ్చు. ఫిట్ లేనప్పుడు తీసిన మామూలు ఈఈజీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన అది లేదని తేలదు. ఈ రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు మందు టక్కున ఆపేస్తే ప్రమాదం, ఆ మాట వాళ్లకు తప్పక చెప్పండి.

ఇక ఫ్రంటల్ దెబ్బ వల్ల మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం, ఊరికే కోపం ఉంటే అవి వేరే నష్టం. ఫిట్స్ గొడవలో పడి వీటిని వదిలేస్తారు, పరిహారం పోయేది ఇక్కడే. ఆరు నెలలు దాటాక క్లినికల్ సైకాలజిస్టుతో న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి. మనసుపెట్టి చేశాడా లేదా తేల్చే పరీక్షలు కూడా అందులో కలపమనండి. 'నటన' వాదనకు పనికొచ్చే జవాబు అది.

ఎంవీఓపీ లాయర్:
తమ్మీ, ఇక్కడ 'ఫంక్షనల్' అనే మాటతోనే తకరారు. డాక్టర్ రాసింది జబ్బు పేరు. కోర్టులో 'ఫంక్షనల్ డిసెబిలిటీ' అంటే సంపాదించే శక్తి ఎంత పోయిందని. రెండూ కలిపి 'ఫంక్షనల్ డిసెబిలిటీ ఉంది' అని అఫిడవిట్ల రాస్తే అవతలి లాయర్‌కు పండగే. వేర్వేరు పేరాల్ల రాయి.

రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ (2010, సుప్రీంకోర్టు) చదువు. డాక్టర్ చెప్పిన వైకల్యం శాతం, సంపాదన నష్టం శాతం ఒకటి కావని అందులనే ఉంది. చెయ్యి పోతే డ్రైవర్‌కు దాదాపు నూరు శాతం నష్టం కావచ్చు, గుమస్తాకు కాకపోవచ్చు. సదరం (ప్రభుత్వ వైకల్య) సర్టిఫికెట్ ఉంటే పెట్టు, కానీ సంపాదన లెక్క అది చెప్పదు. ఫిట్స్ వచ్చేటోడు కోత మిషన్ ఎక్కొచ్చా అని డాక్టర్‌ను సూటిగా అడుగు. ప్రమాదానికి ముందు ఇట్లాంటి ఫిట్స్ ఉన్నయా, ఎప్పుడు మొదలైనయ్, చికిత్స ఎన్నాళ్లు, ఖర్చెంత అనేవి కూడా. కేస్ షీట్‌తో సహా సమన్స్ వేయించు, ఉత్త సర్టిఫికెట్ నిలబడదు.

లెక్క ఇట్ల: నెలకు 15,000 రుజువైతే, 40 శాతం ఫ్యూచర్ ప్రాస్పెక్ట్స్ (ముందుముందు పెరిగే సంపాదన) కలిపి 21,000. ఏడాదికి 2,52,000. 34 ఏళ్లకు మల్టిప్లయర్ (వయసును బట్టి ఏడాది సంపాదనను హెచ్చించే అంకె) 16, అంటే 40,32,000. సంపాదన నష్టం 40 శాతమని ట్రిబ్యునల్ తేలిస్తే 16,12,800. మందులు, నొప్పి, అటెండెంట్ ఖర్చు వేరే.

హన్మకొండ జూనియర్:
మస్తు థ్యాంక్స్ అన్నా. చికిత్సతో తగ్గుతుంది కాబట్టి పర్మనెంట్ కాదంటే?

న్యూరో వార్డు:
కొందరికి నిజంగానే తగ్గుతుంది. నూరు శాతం శాశ్వతమని రాయించకండి, నిలబడదు. సీబీటీ (మాటలతో చేసే మానసిక చికిత్స) ఎన్ని సిట్టింగులు, ఇప్పటికి ఎంత తగ్గింది అన్నది రాయించండి. ఈ జబ్బు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదనే సంగతి మీరే ముందు ప్రశ్నలడిగే చీఫ్‌లోనే చెప్పించండి. లేకపోతే బాగున్న రోజు తీసిన ఫోన్ వీడియో క్రాస్‌లో బయటికొస్తుంది.

ఎంవీఓపీ లాయర్:
ఇంట్లోవాళ్లను కూడా ఫిట్ వీడియో తీయమను: మొదటి నుంచి చివరిదాకా, కళ్లు కనపడేట్టు, కట్ చేయకుండా. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చేది) జతచెయ్యి. ఒరిజినల్ ఉన్న ఫోన్ అమ్ముకోవద్దని చెప్పు.